ఏకగ్రీవం అంటున్నారు, నేను నామినేషన్ వేయనా?

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. డిగ్రీ అధ్యాపకులు బోధన పద్ధతుల గురించి కలిసి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న ఒక రాష్ట్ర స్థాయి వేదికలో ఆరేళ్లుగా సభ్యురాలిని. అది సొసైటీగా రిజిస్టరయింది. సుమారు 340 మంది సభ్యులం. నెలకోసారి ఆన్‌లైన్‌లో జరిగే పాఠాల చర్చను నాలుగేళ్లుగా నేనే నడుపుతున్నాను. వచ్చే జనవరిలో విజయవాడలో సర్వసభ్య సమావేశం ఉంది, అక్కడే కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకోవాలి. ప్రధాన కార్యదర్శిగా పోటీ చేయాలని నాకుంది. ఆ పదవిలో ఉన్న సార్ వరుసగా రెండు దఫాలు చేశారు, మూడోసారీ ఉంటానంటున్నారు. ఆయన నా పీహెచ్‌డీ గైడ్ కూడా. మొన్న ఆయన తరఫున ఒక సీనియర్ ఫోన్ చేసి, "ఎందుకమ్మా పోటీలు? ఏకగ్రీవం చేసేద్దాం, నీకు జాయింట్ సెక్రటరీ ఇస్తాం" అన్నారు. కిందటిసారి వాట్సాప్‌లో నాలుగు రోజుల గడువు పెట్టి, నామినేషన్ కాగితాలు కార్యదర్శికే ఇవ్వమన్నారు. ఎన్నికే జరగలేదు. బైలాస్ (సొసైటీ నియమావళి) నేనెప్పుడూ చూడలేదు. పోటీ చేస్తే గురుద్రోహం అంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఓట్లు అడగడం అసలు చేతకాదు. ఏం చేయమంటారు?

సమాధానం: నామినేషన్ వేయండి. ప్రధాన కార్యదర్శి పదవికే వేయండి. నాలుగేళ్లు నెల తప్పకుండా చర్చలు నడపడమంటే వక్తను ఒప్పించడం, సమయం కుదర్చడం, రానివాళ్లకు గుర్తు చేయడం, చివర్లో రిపోర్టు రాయడం. ఇలాంటి వేదికలో ప్రధాన కార్యదర్శి పనిలో సగం పైగా అదే. ఆ పని చేస్తున్న మనిషి ఆ పదవి కావాలనుకోవడంలో అత్యాశ ఏమీ లేదు.

ఫోన్ చేసిన సీనియర్ "ఇస్తాం" అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. నామినేషన్ అనే మాటను మనం రెండు అర్థాల్లో వాడతాం. "నామినేషన్ వేశాడు" అంటే తన పేరు ఓటర్ల ముందు పెట్టాడని. "నామినేటెడ్ పోస్టు ఇచ్చారు" అంటే పైవాళ్లు పిలిచి కూర్చోబెట్టారని. రెండోది కూడా తప్పేమీ కాదు. అటానమస్ కాలేజీల్లో సిలబస్ చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో విశ్వవిద్యాలయం తరఫు నిపుణులు నామినేట్ అయ్యే వస్తారు, మునిసిపాలిటీల్లో ప్రజలు కాక కౌన్సిలే ఎంచుకునే కో-ఆప్షన్ సభ్యులుంటారు. మీ వేదికలో కూడా ఏదైనా జిల్లా నుంచి ఎవరూ గెలవకపోతే ఒకరిద్దరిని కో-ఆప్ట్ చేసుకునే వీలు బైలాస్‌లో ఉండొచ్చు. కానీ ఎన్నికతో నిండాల్సిన పదవిని ఎన్నికకు ముందే పంచిపెట్టే హక్కు ఏ సీనియర్‌కూ లేదు. జాయింట్ సెక్రటరీ పదవి ఆయన జేబులోది కాదు, 340 మందిది.

ఇక ఏకగ్రీవం. ఆ మాటకు మన దగ్గర మంచి పేరుంది, అందుకు కారణమూ ఉంది. సర్పంచ్ ఎన్నికలు ఊళ్లను నిలువునా చీల్చడం చూశాం. గొడవలు లేకుండా ఎన్నుకున్న పంచాయతీలకు ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు కూడా ప్రకటించాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ఇస్తామన్నారు. పాఠాలు ఎలా చెప్పాలో మాట్లాడుకునే వేదికలో ఆ పరిస్థితి ఏముంది? ఇక్కడ ఓడినవాళ్ల పొలానికి నీళ్లు ఆగవు. అందరికీ నోటీసు అంది, అందరికీ ఫారం దొరికి, గడువు ముగిసేసరికి ఒక్క పేరే మిగిలితే అది నిజమైన ఏకగ్రీవం. గడువు మొదలవ్వకముందే ఫోన్లు చేసి పేర్లు తగ్గించడాన్ని ఆ పేరుతో పిలవడానికి నాకు మనసొప్పదు.

మీరు చేయాల్సిన మొదటి పని బైలాస్ తెప్పించుకోవడం. ఆరేళ్లుగా చూడలేదన్నారు, మీలాంటివాళ్లే ఎక్కువ. మన రాష్ట్రంలో సొసైటీలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నడుస్తాయి. కనీసం ఏడుగురు కలిసి, ఆశయపత్రం, బైలాస్ దాఖలు చేస్తేనే సొసైటీ రిజిస్టరవుతుంది. అంటే మీ వేదిక బైలాస్ కాపీ జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో తప్పకుండా ఉంటుంది. ముందు కార్యదర్శికి ఈమెయిల్ చేసి అడగండి. ఇవ్వకపోతే రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి నకలు తీసుకోండి. చేతికొచ్చాక నాలుగు సంగతులు చూడండి: ఎవరికి ఓటుంది, నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, కోరం (సమావేశం చెల్లడానికి కనీసం ఉండాల్సిన సభ్యుల సంఖ్య) ఎంత, ఒకే పదవిలో ఎన్ని దఫాలు ఉండొచ్చు. చివరిదాని గురించి బైలాస్ ఏమీ చెప్పకపోతే మూడోసారి పోటీ చేసే హక్కు మీ సార్‌కు ఉన్నట్టే. అప్పుడు ఆయన పోటీని తప్పు పట్టకండి, ఆయనతో పోటీ పడండి.

ఆ తర్వాత సభ్యుల జాబితా. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఉద్యోగంలో ఉండగా ఒక అధ్యాపక సంఘానికి నన్ను ఎన్నికల అధికారిగా పెట్టారు. పేరు చెప్పను, ఆ సంఘం ఇప్పుడు బాగానే నడుస్తోంది. నామినేషన్లు తీసుకున్నాను, పరిశీలన చేశాను, బ్యాలెట్లు అచ్చు వేయించాను. పోలింగ్ రోజు ఉదయం పదిన్నరకు, రెండు జిల్లాల నుంచి వచ్చిన ఇరవై మందికి పైగా సభ్యులు రసీదులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. జాబితాలో వాళ్ల పేర్లు లేవు. డబ్బు కట్టింది నిజం, జిల్లా ప్రతినిధి దాన్ని కేంద్రానికి జమ చేయకపోవడమూ నిజం. నా దగ్గర నియమం లేదు, సమయం లేదు. ఓటు వేయనివ్వకుండా వెనక్కి పంపాను. రసీదును ఎర్ర ఫైల్లో జాగ్రత్తగా పెట్టుకుని వచ్చిన ఒక కామర్స్ మేడమ్ ఏమీ అనకుండా బస్టాండ్‌కు వెళ్లిపోయారు. ఆ ఎన్నికలో గెలుపోటముల తేడా పదకొండు ఓట్లు. జాబితాను ముందే ప్రకటించి అభ్యంతరాలకు వారం ఇచ్చి ఉంటే ఆ ఉదయం వచ్చేది కాదు. తప్పు నాదీ.

అందుకే చెబుతున్నాను, ఎన్నిక న్యాయంగా జరిగిందా లేదా అన్నది ఓట్ల లెక్కింపు రోజున తేలదు. అంతకు నెల ముందు జాబితా దగ్గర, నోటీసు దగ్గర, ఫారం ఎవరి చేతికి ఇవ్వాలన్న దగ్గర తేలిపోతుంది.

మీకింకా సమయం ఉంది కాబట్టి కార్యవర్గానికి ఇప్పుడే ఒక ఉత్తరం రాయండి. ఒక్కరే రాయకండి, మరో ఐదారుగురి సంతకాలు తీసుకోండి. వాళ్లలో మీకు ఓటు వేయనివాళ్లు ఉన్నా మంచిదే, ఇది మీ గెలుపు కోసం రాసే ఉత్తరం కాదు. అందులో మూడు విషయాలు అడిగితే చాలు. పోటీలో లేని ఒక రిటైర్డ్ అధ్యాపకుడిని లేదా అధ్యాపకురాలిని ఎన్నికల అధికారిగా నియమించాలి. సభ్యుల జాబితాను ముందే అందరికీ పంపి, తప్పులు దిద్దడానికి గడువు ఇవ్వాలి. నామినేషన్లకు కనీసం వారం ఇచ్చి, నోటీసు వాట్సాప్‌తో పాటు ప్రతి సభ్యుడి ఈమెయిల్‌కూ పంపాలి.

వారం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం నోటిఫికేషన్ వచ్చాక ఏడో రోజు నామినేషన్లకు ఆఖరు. మర్నాడు పరిశీలన, ఆ తర్వాత రెండో రోజు ఉపసంహరణకు ఆఖరు. పంచాయతీలకు మూడు రోజులే ఇస్తారు కదా అనేవారు కూడా ఉంటారు. నిజమే, 2021 తొలి విడతలో జనవరి 29 నుంచి 31 వరకే నామినేషన్లు తీసుకున్నారు. కానీ పంచాయతీలో ప్రతిపాదించే మనిషి పక్క వీధిలోనే ఉంటాడు. మీకు ప్రతిపాదించేవారు శ్రీకాకుళంలో, బలపరిచేవారు హిందూపురంలో ఉండొచ్చు. ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీదకు రావాలి, మధ్యలో ఇంటర్నల్ పరీక్షలుంటాయి. స్కాన్ చేసిన సంతకాలు ఒప్పుకుంటారా అన్నది కూడా అదే ఉత్తరంలో అడిగేయండి.

కాగితాలు కార్యదర్శికే ఇవ్వమనడం మాత్రం మారి తీరాలి. అభ్యర్థి చేతికే ప్రత్యర్థి నామినేషన్ వెళ్లకూడదు. ఆయన ఎంత నిజాయితీపరుడైనా సరే, రేపు ఒక కవరు ఆలస్యంగా అందితే ఆయన మీదే అనుమానం వస్తుంది. ఆయన మంచి కోసమే ఈ పద్ధతి మారాలని అదే మాటల్లో రాయండి.

ఉత్తరంలో చట్టం సెక్షన్లు చూపించి బెదిరించకండి. 2001 చట్టంలో 23వ సెక్షన్ ఉంది. సొసైటీ వ్యవహారాల్లో వివాదం వస్తే సభ్యులు మధ్యవర్తిత్వానికి వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చు. ఆ దారి ఉందని తెలిసి ఉంటే చాలు. కోర్టుకెక్కిన అధ్యాపక సంఘాల్లో పాఠాల చర్చ ఏళ్ల తరబడి ఆగిపోవడం చూశాను. కేసు గెలిచినవాళ్లకూ మిగిలింది లెటర్‌హెడ్డే.

ఇప్పుడు అసలు బరువైన సంగతి, మీ గైడ్. మీరు నాకు రాసినదాంట్లో ఎక్కువ బాధ ఇక్కడే కనిపించింది. థీసిస్ దిద్దిన చెయ్యి, వైవా రోజు పక్కన కూర్చున్న మనిషి. ఆ రుణం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ రుణాన్ని 340 మంది వేదికలో ఓటు రూపంలో తీర్చడం కుదరదు, అది మీ ఇద్దరి మధ్య విషయం. ఆయనకు తీరని నొప్పి కలిగేది మీరు పోటీ చేసినందుకు కాదు, ఆ సంగతి మరొకరి ద్వారా తెలిస్తే. అందుకని నామినేషన్ వేసే ముందే, ఉత్తరం పంపే ముందే, స్వయంగా వెళ్లి కలవండి. ఫోన్లో వద్దు, మధ్యలో ఆ సీనియర్ అసలే వద్దు. ఇంటికి వెళ్లి ఇలా చెప్పండి: "సార్, ఈసారి ప్రధాన కార్యదర్శికి నామినేషన్ వేద్దామనుకుంటున్నాను. ముందు మీకే చెప్పాలని వచ్చాను. మీరు చేసిన పనిని నేనెక్కడా తక్కువ చేసి మాట్లాడను. ఎవరు గెలిచినా నెలవారీ చర్చలు ఆపను." అంతే. అనుమతి అడగకండి. ఆశీర్వాదం అడగాలనిపిస్తే అడగండి, ఆయన ఇవ్వకపోయినా మాట మీద నిలబడండి. ఆయన పెద్దమనసు చేసుకుని "నేను తప్పుకుంటానులే" అంటే తొందరపడి సంతోషించకండి. "వద్దు సార్, సభ్యులనే తేల్చనిద్దాం" అనండి. ఎందుకంటే మీ మీద ప్రేమతో ఆయన మీకు పదవి ఇచ్చేసినా అది మళ్లీ "ఇస్తాం" దగ్గరికే వస్తుంది.

ఓట్లు అడగడం చేతకాదన్నారు. మనలో చాలామందికి చేతకాదు, దానికో చరిత్ర ఉంది. 1980ల చివరి నుంచి మన డిగ్రీ కాలేజీల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు లేవు. ఈ రోజు నలభై ఏళ్లున్న అధ్యాపకులు నామినేషన్ ఫారం ముఖం చూడకుండానే డిగ్రీ పూర్తి చేశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట చదివినవాళ్లకు తప్ప, చదువుకున్న చోట ఓటు వేసిన అనుభవమే లేదు. కాబట్టి ఇది మీ బిడియం ఒక్కదాని సమస్య కాదు, మనకెవరూ నేర్పలేదు.

నా సలహా, ఓటు అడగకండి, పని చెప్పండి. ఒక పేజీ రాయండి, 200 మాటలు మించొద్దు. వేదికను బలోపేతం చేస్తాను లాంటి మాటలు అందులో వద్దు. వచ్చే రెండేళ్లలో చేయగలిగినవి రెండో మూడో రాయండి, తేదీతో సహా. నెలవారీ చర్చల రికార్డింగులన్నీ సబ్జెక్టుల వారీగా ఒకచోట పెడతానని రాయొచ్చు. జమాఖర్చులు మూడు నెలలకోసారి సభ్యులకు పంపుతానని రాయొచ్చు. ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమనిపించేది: కాంట్రాక్ట్, గెస్ట్ అధ్యాపకుల సభ్యత్వం. మన డిగ్రీ కాలేజీల్లో పాఠాల్లో పెద్ద భాగం వాళ్లే చెబుతున్నారు. బోధన గురించి మాట్లాడుకునే వేదికలో వాళ్లకు సభ్యత్వం ఉందా, ఉంటే ఓటుందా? బైలాస్ చూసినప్పుడు ఇది వెతకండి. లేకపోతే సవరణ తెస్తానని మీ పేజీలో రాయండి. కొన్ని ఓట్లు పోతాయి. పోనివ్వండి.

తర్వాత జిల్లాకు ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేయండి. సగం సమయం వాళ్లను మాట్లాడనివ్వండి. వాట్సాప్ గ్రూపులో ప్రచారం పెట్టకండి, వాదనలకు దిగకండి. కులం, ఊరు, యూనివర్సిటీ బ్యాచ్ పేరుతో ఎవరైనా మీకు ఓట్లు పోగుచేస్తామంటే వెంటనే వద్దనండి. అది గెలిపించినా మర్నాటి నుంచి మీ చేతులు కట్టేస్తుంది. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ప్రిన్సిపాల్‌కు ముందే ఒక కాగితం రాసి తెలియజేయండి, దాని కాపీ దగ్గర పెట్టుకోండి.

ఓటింగ్ పద్ధతి సంగతి. సమావేశంలో చేతులెత్తించి లెక్కపెట్టే పద్ధతికి ఒప్పుకోవద్దు. గైడ్ ముందు, ప్రిన్సిపాల్ ముందు చెయ్యెత్తడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. రహస్య బ్యాలెట్ కావాలని ముందే రాసి అడగండి. గూగుల్ ఫారంతో కానిచ్చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అభిప్రాయ సేకరణకు అది మంచిదే, ఎన్నికకు పనికిరాదు. ఈమెయిల్ తీసుకునేలా పెడితే, ఎవరు ఎవరికి వేశారో ఫారం చేసినవాళ్లకు కనిపిస్తుంది. తీసుకోకుండా పెడితే, రెండు జీమెయిల్ ఖాతాలున్న మనిషి రెండు ఓట్లు వేస్తాడు, సభ్యుడు కానివాడూ వేస్తాడు. విజయవాడలో ఎలాగూ కలుస్తున్నారు, ఒక అట్టపెట్టె, అచ్చువేసిన బ్యాలెట్లు చాలు.

ముగ్గురు పోటీ చేస్తే ప్రాధాన్య ఓటు, అంటే అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇచ్చే ఓటు అడగొచ్చు. ఇది మనకు కొత్త కాదు. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు సభ్యులను ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు, డిగ్రీ అధ్యాపకులకూ అందులో ఓటుంది. 2025 ఫిబ్రవరి 27న ఉత్తరాంధ్రలో మన తోటివాళ్లు వయొలెట్ స్కెచ్ పెన్‌తో 1, 2, 3 అని వేసి వచ్చారు. లెక్క ఎలా మారుతుందో చూడండి. 200 ఓట్లలో ఒకరికి 90, రెండోవారికి 70, మూడోవారికి 40 వచ్చాయనుకోండి. మామూలు పద్ధతిలో 90 వచ్చినవారు గెలిచినట్టే, 110 మంది ఆయన్ను కోరకపోయినా. ప్రాధాన్య పద్ధతిలో గెలవడానికి సగానికి మించి, అంటే 101 కావాలి. మూడో వ్యక్తిని తీసేసి ఆ 40 బ్యాలెట్లలో రెండో అంకె ఎవరికుందో చూస్తారు. 33 మంది రెండోవారికి, ఏడుగురు మొదటివారికి వేసి ఉంటే, 103తో రెండోవారు గెలుస్తారు. అయితే బైలాస్‌లో ఈ పద్ధతి లేకపోతే ఈసారికి పట్టుబట్టకండి. ఆట మొదలయ్యాక నియమాలు మార్చమనడం మీకూ తగదు. గెలిస్తే వచ్చే ఎన్నికకు సవరణగా తెండి.

అదే సవరణలో పదవీకాల పరిమితి కూడా పెట్టించండి. విద్యార్థి ఎన్నికలకు లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను సుప్రీంకోర్టు 2006లో అమలు చేయమంది. వాటి ప్రకారం ఒక విద్యార్థి ఆఫీస్ బేరర్ పదవికి ఒక్కసారే పోటీ చేయాలి, కార్యవర్గ సభ్యత్వానికి రెండుసార్లు. ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. ఇరవై ఏళ్ల పిల్లలకు అంత కట్టుదిట్టం సరైనదని మనం ఒప్పుకున్నాం. వాళ్లకు పాఠాలు చెప్పే మనం వరుసగా రెండు దఫాలు చాలనుకోలేమా? గెలిచిన మొదటి ఏడాదిలోనే ఆ సవరణ పెట్టండి, అది మీకూ వర్తించేలా.

ఓడిపోతే? ఆ సాయంత్రమే సార్ దగ్గరికి వెళ్లి అభినందించండి. ఫిబ్రవరి చర్చకు వక్తను ఇప్పుడే మాట్లాడి ఉంచండి, ఎన్నిక ఫలితం ఏదైనా ఆ కార్యక్రమం జరగాలి. మీకు వచ్చిన ఓట్ల సంఖ్యను మినిట్స్ పుస్తకంలో రాయించడం మాత్రం మరిచిపోకండి. "ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు" అనే పాత వాక్యాన్నే అలవాటుగా రాసేస్తుంటారు. సంతకం పెట్టే ముందు ఆ పేజీ చదవండి.

బైలాస్ చేతికొచ్చాక, ఓటు హక్కు ఉన్న క్లాజు అర్థం కాకపోతే ఆ పేజీ ఫొటో నాకు పంపండి, కలిసి చదువుదాం.